నిజనిర్ధారణ నుంచి నల్లకోటు దాకా: బాలగోపాల్ నడిచిన దారి

1998 తర్వాత, మూసీ ఒడ్డున ఉన్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో హక్కుల కార్యకర్త కె. బాలగోపాల్ పేరు వకాల్తాల మీద కనిపించడం మొదలైంది. బార్‌లో కొత్త పేరే. మనిషి వయసు మాత్రం నలభై ఆరుకి అటూ ఇటూ. ఇరవై నాలుగేళ్ళకే నల్లకోటు వేసుకున్నవాళ్ళు ఆ వయసుకి సొంత ఆఫీసు, నలుగురు జూనియర్లు, స్థిరపడిన క్లయింట్లు ఉన్న సీనియర్లయి ఉంటారు. ఆయనకి అవేవీ లేవు. కానీ ఆ సీనియర్లలో చాలామంది చూడని అడవులు, మార్చురీలు, తగలబడిన గుడిసెలు, పోలీస్ స్టేషన్ల వెనక గదులు ఆయన అప్పటికే పదిహేనేళ్ళకు పైగా చూసి ఉన్నారు.

ఆయన్ని గుర్తు చేసుకునేటప్పుడు చాలామంది త్యాగం గురించి మాట్లాడతారు. మాట్లాడాల్సిందే. నాకు మాత్రం ఆయన పనితీరు గురించి రాయాలని ఎప్పటినుంచో ఉంది. ఊళ్ళో నిలబడి నిజం సేకరించే అలవాటు కోర్టులో ఎలా పిటిషన్‌గా మారింది, అది ఎక్కడ నిలిచింది, ఎక్కడ తడబడింది అన్నది ఈ తరం కుర్ర లాయర్లకి తెలియాలి. హక్కుల సంఘాల్లో చేరే పిల్లలకి అంతకన్నా ఎక్కువ తెలియాలి.

తెలిసిన వివరాలే ఒకసారి చెప్పుకుందాం. 1952 జూన్ 10న బళ్ళారిలో పుట్టారు. గణితం ఆయన చదువు. వరంగల్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నారు. ఢిల్లీలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో కొంతకాలం ఉండి, 1981లో కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి వచ్చారు. 1983లో ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1985లో ఉద్యోగం వదిలేశారు. ఆ ఏడాది వరంగల్‌లో ఉన్నవాళ్ళెవరూ దాన్ని మరిచిపోరు. సెప్టెంబర్ 3న పిల్లల డాక్టరు, సంఘం ఉపాధ్యక్షుడు రామనాథం గారిని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. ఒక ఎస్సై శవయాత్ర ఆ దారినే సాగుతున్నప్పుడు జరిగిన హత్య అది. తర్వాత బాలగోపాల్ జైలుకెళ్ళారు. 1989లో ‘ప్రజాబంధు’ పేరుతో తిరిగే ముఠా ఆయన్ని ఎత్తుకెళ్ళింది. ఇన్ని జరిగాక కూడా పని ఆపలేదు, ఊళ్ళు తిరగడం తగ్గించలేదు.

ఆ సంఘం 1974లో శ్రీశ్రీ అధ్యక్షుడిగా మొదలైంది. 1978 నుంచి 1994 దాకా కె.జి. కన్నబిరన్ గారు అధ్యక్షులు. ఆయన దారి బాలగోపాల్ దారికి ఎదురు దిక్కున వచ్చింది. ఆయన ముందు లాయరు, కేసుల్లోంచి ఉద్యమంలోకి వచ్చారు. ఎమర్జెన్సీలో, 1975 జూలైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకుల్ని చంపి ఎన్‌కౌంటర్ అన్నారు. 1977లో తార్కుండే నాయకత్వంలోని పౌర నిజనిర్ధారణ కమిటీ ఆ అబద్ధాన్ని బయటపెట్టింది. తర్వాత ప్రభుత్వం వేసిన భార్గవ విచారణ కమిషన్ ముందు కన్నబిరన్ పోలీసుల్ని క్రాస్ ఎగ్జామిన్ చేశారు. విచారణ తలుపులు మూసి జరపాలని ప్రభుత్వం పట్టుబట్టేసరికి దాన్నుంచి బయటికొచ్చారు. నిజనిర్ధారణకీ కోర్టు సాక్ష్యానికీ మధ్య వంతెన కట్టిన మొదటి పని మన దగ్గర అదే అని నేను అనుకుంటాను. బొజ్జా తారకం గారిది ఇంకో దారి. కవి, నిజామాబాద్‌లో లాయరు, అంబేడ్కర్ యువజన సంఘం కట్టినవారు. 1985లో కారంచేడులో దళితుల హత్యాకాండ జరిగాక ప్రభుత్వ ప్లీడరు పదవిని వదిలేసి దళిత మహాసభతో నడిచారు. ముగ్గురూ మూడు వైపుల నుంచి వచ్చి ఒకే కోర్టు హాల్లో కలుసుకున్న రోజులు తెలుగు నేల మీద ఉండేవి.

బాలగోపాల్ లా పట్టా తీసుకుని ఎన్‌రోల్ అవడం వెనక, చాలామంది గమనించని ఒక చట్టం ముచ్చట ఉంది. 1993లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక నియమం తెచ్చింది. నలభై ఐదేళ్ళు నిండినవాళ్ళని లాయర్లుగా నమోదు చేయకూడదని. 1995లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు రాకపోయి ఉంటే, 1997 జూన్‌లో నలభై ఐదు నిండిన బాలగోపాల్‌కి తలుపు మూసుకుపోయేది. ఉద్యమంలో సగం జీవితం గడిపాక చట్టం చదువుదామనుకునేవాళ్ళకి ఆ తీర్పు ఎంత మేలు చేసిందో ఇప్పటికీ తక్కువ మందికే తెలుసు.

1998లోనే ఆయన పౌరహక్కుల సంఘం వదిలి, కొందరు సహచరులతో మానవ హక్కుల వేదికని మొదలుపెట్టారు. రాజ్యహింసని ప్రశ్నించే నోరే నక్సలైట్ల హింసని కూడా ప్రశ్నించాలా వద్దా అన్నది అప్పటి చర్చలో పెద్ద భాగం. ఆ చర్చలో ఎవరు ఎటున్నారన్నది మళ్ళీ తవ్వను. ఆ విడిపోవడం చాలామందికి బాధ కలిగించింది, ఆ బాధ నిజమైనది.

ఇక అసలు పని సంగతి. కోర్టుకి రాకముందు ఆయన చేసింది నిజనిర్ధారణ. బయటివాళ్ళకి అది ఒక బృందం వెళ్ళి, పత్రికలకి ప్రకటన ఇవ్వడంలా కనబడుతుంది. లోపల అది చాలా ఓపిక పని. ఒక లాకప్ చావు అనుకోండి. ముందు స్టేషన్‌కి వెళ్ళరు. ముందు ఊరికి వెళ్తారు. చనిపోయినవాడి ఇంటివాళ్ళతో మాట్లాడాక, ఆ ఇంటికి ఎదురింటివాళ్ళతో, టీ కొట్టువాడితో, బస్సు స్టాపులో రోజూ కూర్చునేవాళ్ళతో విడివిడిగా మాట్లాడతారు. అందర్నీ ఒక్కచోట కూర్చోబెట్టి అడిగితే మొదట మాట్లాడినవాడి మాటే మిగతావాళ్ళ నోట వస్తుంది. తెలియకుండానే ఒకరి కథలోకి ఇంకొకరి వివరం దూరుతుంది. రేపు కోర్టులో అదే ‘ట్యూటర్డ్’, అంటే నేర్పించి చెప్పించిన సాక్ష్యం, అన్న మాటకి ఆధారమవుతుంది.

తేదీ, వేళ తెలుసుకోవడం ఇంకో విద్య. పల్లెలో ఎవరూ 14వ తేదీ సాయంత్రం ఆరుంపావు అని చెప్పరు. సంత అయిన మర్నాడు అంటారు. పాలు పోసి వచ్చాక అంటారు. ఆఖరి బస్సు వెళ్ళిపోయాక అంటారు. సంత ఏ వారమో, ఆఖరి బస్సు ఎన్నింటికో ఊళ్ళోనే కనుక్కుని, అప్పుడు తేదీ, గంట రాసుకోవాలి. వాళ్ళు చెప్పిన మాట అలాగే ఉంచి, దాని పక్కన మనం లెక్కగట్టిన తేదీ వేయాలి. ఈ రెండూ కలిపేసి రాస్తే, తర్వాత సాక్షి బోనులో పాలు పోసి వచ్చాక అంటాడు, అఫిడవిట్‌లో ఆరుంపావు అని ఉంటుంది. ఎదుటి లాయరు ఆ తేడా మీదే అరగంట గడుపుతాడు.

పోలీసుల మాట కూడా తప్పకుండా తీసుకోవాలి. ఆఖరున అయినా సరే స్టేషన్‌కో ఎస్పీ ఆఫీసుకో వెళ్ళి వాళ్ళ కథ వినాలి. వాళ్ళు మాట్లాడకపోతే మాట్లాడలేదని నివేదికలో రాయాలి. బాలగోపాల్ రాతల్లో ఈ నిజాయితీ కనబడుతుంది. ఎదుటివాడి వాదనని బలహీనపరిచి చెప్పరు. దాన్ని పూర్తిగా నిలబెట్టి, ఆ తర్వాతే విప్పుతారు. గణితం చదివిన బుర్ర అని కొందరు అనేవాళ్ళు. నాకు మాత్రం అది ఊళ్ళు నేర్పిన జాగ్రత్త అనిపిస్తుంది. ఒక్క తప్పుడు వివరం రాస్తే, మళ్ళీ ఆ ఊరికి వెళ్ళినప్పుడు ఎవరూ నోరు విప్పరు.

అయితే నిజనిర్ధారణ నివేదికని నేరుగా కోర్టులో పెడితే పనికి రాదు. చాలా సంఘాలు ఇక్కడే దెబ్బతిన్నాయి. నివేదిక అంటే విన్నమాటల మూట. విన్నవాడు సాక్షి కాదు, చూసినవాడు సాక్షి. పత్రికల కత్తిరింపులు కట్టలు కట్టలుగా జతచేసినా కోర్టు వాటిని రుజువుగా తీసుకోదు. కాబట్టి నివేదికలోని ఒక్కో వాక్యం ముందు, దీన్ని ఎవరు కళ్ళారా చూశారు అని ప్రశ్న వేసుకుని, ఆ మనిషితోనే అఫిడవిట్ ఇప్పించాలి. సంఘం పేరు మీద పిటిషన్ వేయొచ్చు. కానీ దాని వెనక కనీసం ఇద్దరు ముగ్గురు ప్రత్యక్ష సాక్షుల సొంత అఫిడవిట్లు లేకపోతే, వాస్తవాల మీద వివాదం ఉంది, రిట్‌లో, అంటే నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్‌లో, తేల్చలేం అని ఒక్క మాటతో కొట్టేస్తారు.

మన హైకోర్టులో అఫిడవిట్ ఇంగ్లీషులో ఉండాలి. సంతకం పెట్టేది కోయ మనిషి కావచ్చు, వేలిముద్ర వేసే ముసలమ్మ కావచ్చు. తెలుగులో చదివి వినిపించి, అర్థమయ్యాక వేలిముద్ర తీసుకున్నామని కింద రాసి, ఇంకో లాయరు అటెస్ట్ చేయాలి. ఈ పని ప్లీడరు గుమాస్తా చేతిలో వదిలేసి, కారిడార్‌లో నిలబెట్టి వేలిముద్ర వేయించుకున్న కేసులు ఎన్నో కూలిపోయాయి. ఆరు నెలలకి పోలీసులు ఆ ముసలమ్మ ఇంటికొస్తారు. అందులో ఏం రాశారో నాకు తెలియదు బాబూ అని ఆమె అంటుంది. ఆ మాటని అఫిడవిట్ చేసి వాళ్ళు కోర్టులో వేస్తారు. చదివి వినిపించడానికి గంట పట్టినా కూర్చోవాలి. తెలుగు రాని గిరిజనులైతే వాళ్ళ భాష తెలిసినవాళ్ళని పక్కన పెట్టుకోవాలి.

హెబియస్ కార్పస్, అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్, ఆ రోజుల్లో అందరికంటే ముందు నేర్చుకోవాల్సిన కేసు. మనిషిని ఎత్తుకెళ్ళారు, ఏ కోర్టులోనూ పెట్టలేదు. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టయిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. పోలీసులు అరెస్టే చేయలేదంటారు. అప్పుడు లోకానికి మిగిలే ఒకే రుజువు, వాళ్ళు ఎత్తుకెళ్ళారని మనం ఏ వేళకి ఎవరికి చెప్పామన్నది. దానికి టెలిగ్రామే ఆయుధం. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి, హోం కార్యదర్శికి, డీజీపీకి, జిల్లా ఎస్పీకి నాలుగు టెలిగ్రాములు. ఫలానా మనిషిని, ఫలానా చోట, ఫలానా వేళకి, యూనిఫాంలోనో మఫ్టీలోనో ఉన్న పోలీసులు జీపులో తీసుకెళ్ళారు, ప్రాణహాని ఉంది అని. మాటకి ఇంత అని డబ్బులు కాబట్టి వాక్యం పొడవు పెరగకూడదు. కానీ పేరు, ఊరు, వేళ మూడూ తప్పకూడదు. తంతి కార్యాలయం ఇచ్చే రసీదు మీద వేళ ఉంటుంది. రేపు ఆ మనిషి ‘ఎదురుకాల్పుల్లో’ చనిపోయాడని ప్రకటన వస్తే, కాల్పులు జరిగాయన్న వేళకంటే ముందే అతను పోలీసుల చేతిలో ఉన్నాడని మనం మొత్తుకున్నట్టు ఆ చిన్న కాగితం చెబుతుంది. ఎంతమంది ప్రాణాలు ఆ రసీదు మీద నిలబడ్డాయో. 2013 జూలైలో టెలిగ్రామ్ సేవ ఆగిపోయినప్పుడు దేశమంతా పెళ్ళి శుభాకాంక్షల్ని తలుచుకుంది. హక్కుల సంఘాల్లో పనిచేసినవాళ్ళు తలుచుకున్నది ఈ రసీదుల్ని.

టెలిగ్రామ్ ఇచ్చాక పిటిషన్. భార్యో, తల్లో, అన్నదమ్ముడో పిటిషనరు. ప్రతివాదులుగా హోం శాఖ ద్వారా రాష్ట్రం, డీజీపీ, జిల్లా ఎస్పీ, ఎత్తుకెళ్ళారని అనుమానం ఉన్న స్టేషన్ హౌస్ ఆఫీసరు. ఇక్కడ తరచు జరిగే పొరపాటు ఒకటుంది. మనిషిది ఒక స్టేషన్ పరిధి, ఎత్తుకెళ్ళింది ఇంకో సర్కిల్ పోలీసులు. ఊరి స్టేషన్ని ఒక్కదాన్నే ప్రతివాదిగా పెడితే, ఆ ఎస్సై నిజంగానే మా దగ్గర లేడు అని కౌంటర్ (జవాబు అఫిడవిట్) వేస్తాడు. అతను అబద్ధం కూడా చెప్పినట్టు కాదు. పిటిషన్ అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఎస్పీని తప్పక పెట్టాలి. జీపు నెంబరు ఎవరైనా చూశారేమో అడగాలి. మామూలుగా లిస్టులో వచ్చేదాకా ఆగే కేసు కాదు కాబట్టి పొద్దున బెంచి ముందు చెప్పి లంచ్ మోషన్, అంటే ఆ రోజే భోజన విరామం తర్వాత విచారణ, అడగాలి. సెలవు రోజైతే హౌస్ మోషన్, అంటే జడ్జిగారి ఇంటి దగ్గరే. ప్రభుత్వ ప్లీడరు ‘ఇన్‌స్ట్రక్షన్స్’ తెచ్చుకోవడానికి వారం అడుగుతాడు. ఆ వారమే ప్రమాదం. అందుకే మధ్యంతర ప్రార్థనలో, ఆ మనిషిని ఫలానా తేదీన హాజరుపరచాలనో, వెంటనే జిల్లా జడ్జి వెళ్ళి స్టేషన్ తనిఖీ చేయాలనో విడిగా అడగాలి. అడగనిది కోర్టు తనంతట తాను ఇవ్వడం అరుదు.

ఇంత చేసినా చాలా హెబియస్ పిటిషన్లు ఒకేలా ముగిసేవి. వాయిదా నాటికి మనిషిని పక్క జిల్లా కోర్టులో హాజరుపరిచి, నిన్ననే అరెస్టు చేశాం అనేవాళ్ళు. ఇక పిటిషన్‌లో ఏమీ మిగల్లేదని మూసేసేవాళ్ళు. బయటివాళ్ళకి అది ఓటమి. తెలిసినవాళ్ళకి మనిషి ప్రాణంతో ఉన్నాడన్న కబురు. ఊరి నుంచి వచ్చిన తల్లికి ఆ తేడా విడమరిచి చెప్పాల్సింది లాయరే. ఊళ్ళో సంఘం చేసినవాడికి ఆ మాట చెప్పడం చేతనవుతుంది. ఏళ్ళ తరబడి కోర్టు మెట్లు తప్ప ఎక్కడికీ వెళ్ళని లాయరుకి ఆ ఓపిక రావడం కష్టం.

ఎన్‌కౌంటర్ కేసుల సంగతి ఇంకా లోతైనది. పోలీసులు ఎవరినైనా కాల్చి చంపాక ఏ కేసు పెట్టేవాళ్ళో చూడండి. చచ్చినవాడి మీద హత్యాయత్నం, ఆయుధాల చట్టం కింద కేసు. నిందితుడు చనిపోయాడు కాబట్టి ఆ కేసు మూత. చంపినవాళ్ళ మీద కేసే ఉండదు. ఆత్మరక్షణ కోసం కాల్చామని వాళ్ళే చెప్పి, వాళ్ళే నమ్మి, వాళ్ళే ఫైలు కట్టేసేవాళ్ళు. ఆర్డీఓ చేసే మెజిస్టీరియల్ విచారణ ఒకటి ఉండేది. దానికి నోటీసు పత్రికలో ఒక మూల వస్తుంది, సాక్ష్యం చెప్పడానికి రావాల్సింది పోలీసులున్న ఆవరణకే. ఎవరొస్తారు?

హక్కుల ఉద్యమం అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. మామూలు మనిషి ఆత్మరక్షణలో చంపానంటే, ముందు కేసు పెట్టి, దర్యాప్తు చేసి, ఆత్మరక్షణ అవునో కాదో విచారణలో తేలుస్తారు కదా, పోలీసుకి వేరే చట్టం ఉందా? పౌరహక్కుల సంఘం ఇచ్చిన ఫిర్యాదు మీదే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996 నవంబరులో ఆదేశం ఇచ్చింది. 1997 మార్చిలో అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకీ లేఖ రాసింది. చంపిన పోలీసులది ఏ స్టేషనో ఆ స్టేషనే దర్యాప్తు చేయకూడదని, సీఐడీ లాంటి వేరే సంస్థకి ఇవ్వాలని అందులో ఉంది. దేశం మొత్తం మీద నడిచిన ఆ మార్గదర్శకాలకి మూలం మన జిల్లాల్లో రాసుకున్న నోటు పుస్తకాలే.

అలాంటి కేసులో చూడాల్సినవి బాలగోపాల్ తరం చేత్తో నేర్చుకుంది. శవాన్ని తగలబెట్టకముందే చేరాలి. చేతుల మణికట్టుల దగ్గర తాడు ఒరుసుకున్న గుర్తులు, అరికాళ్ళ మీద కమిలిన గాయాలు ఉన్నాయేమో చూడాలి. తూటా గాయం చుట్టూ చర్మం మీద మసి, మందు రవ్వల చుక్కలు ఉంటే దగ్గర నుంచి కాల్చారన్నమాట. అడవిలో దూరం నుంచి జరిగిన కాల్పుల్లో అవి రావు. తూటా లోపలికి దూరిన చోట మామూలుగా చిన్న రంధ్రం, బయటికొచ్చిన చోట పెద్దది. వీపు నుంచి దూరిందా, ఛాతీ నుంచా అన్నది ఎదురుకాల్పుల కథని నిలబెడుతుంది, లేకపోతే పడగొడుతుంది. బట్టలు అడిగి తీసుకోవాలి. మనకివ్వకపోతే సీల్ చేయాలని రాతపూర్వకంగా కోరాలి. బట్టలేమో శుభ్రంగా, కింద శరీరానికేమో గాయాలు ఉన్న శవాలు ఎన్ని ఫోటోల్లో కనబడ్డాయో ఆ రోజుల పత్రికలు తిరగేస్తే తెలుస్తుంది. రెండో పోస్ట్‌మార్టం కావాలంటే దహనం ఆపమని వెంటనే హైకోర్టుకి పరిగెత్తాలి. ఒక్క రాత్రి ఆలస్యమైతే శవం ఉండదు, కేసు ఉండదు.

భూమి కేసుల్లో బాలగోపాల్ చేసిన పని గురించి తక్కువ రాశారు. నాకు అదే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. ఏజెన్సీలో, అంటే గిరిజన షెడ్యూల్డు ప్రాంతంలో, 1/70 అంటే తెలియనివాళ్ళు లేరు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనకి 1970 ఫిబ్రవరి 3 నుంచి వచ్చిన సవరణ అది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి పేరు మీదికి మారకూడదు, అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేయాల్సిన భారం ఆ గిరిజనేతరుడిది. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. 1997 జూలైలో సమతా సంస్థ వేసిన కేసులో వచ్చిన తీర్పు, ఆ ప్రాంతంలో గనుల లీజులు గిరిజనేతరులకి ఇవ్వకూడదని చెప్పింది.

ఇంత గట్టి చట్టం ఉండి కూడా భూములు ఎందుకు పోతున్నాయి? కాగితాల వల్ల. కేసు మొదట స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర నడుస్తుంది, అప్పీలు ప్రభుత్వ ఏజెంటుగా ఉండే కలెక్టర్ దగ్గర, ఆ పైన రివిజన్ ప్రభుత్వం దగ్గర. కింది స్థాయిలో గిరిజన రైతుకి లాయరు ఉండడు, గిరిజనేతరుడికి ఉంటాడు. 1970కి ముందే కొన్నామంటూ సాదా కాగితాలు, పాత స్టాంపు పేపర్లు తెస్తారు. స్టాంపు పేపరు వెనక ఉండే వెండరు నెంబరు, తేదీ చూడాలి. ఆ సంవత్సరానికి సంతకం పెట్టిన సాక్షి వయసెంతో లెక్కగట్టాలి. భూమి ఎవరి సాగులో ఉందో చెప్పే రికార్డులు, తెలంగాణ వైపు పాత పహాణీలు, 1954-55 కాస్రా పహాణీ, ఆంధ్ర వైపు అడంగల్ నకళ్ళు తీసి, ఆ సర్వే నెంబరులో ఏ ఏట ఎవరి పేరుందో వరసగా రాసుకోవాలి. పేరు మారిన ఏడు బయటపడితే కేసు సగం తేలినట్టే. ఈ పని హైకోర్టులో మొదలుపెడితే ఆలస్యం. కింద రికార్డులో పెట్టని కాగితాన్ని పైన రిట్‌లో చూడరు. కాబట్టి కేసు ఏజెన్సీ మండలంలోనే సిద్ధం కావాలి. దానికి అక్కడ ఒక సంఘం, రికార్డు నకలు కోసం ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరగగల కుర్రాళ్ళు ఉండాలి. సంఘంలో పెరిగిన లాయరుకి ఇది మొదటి రోజు నుంచే తెలుసు.

ప్రత్యేక ఆర్థిక మండళ్ళ కాలంలో, 2005 తర్వాత, భూసేకరణ కేసులు వెల్లువలా వచ్చాయి. 1894 చట్టం ఇంకా అమల్లో ఉన్న రోజులు. భూమి తీసుకోబోతున్నామని చెప్పే 4(1) నోటిఫికేషన్ గెజిట్‌లో, రెండు దినపత్రికల్లో, ఊళ్ళో చాటింపు ద్వారా రావాలి. వచ్చాక 30 రోజుల్లో 5ఏ కింద అభ్యంతరం చెప్పుకోవాలి. ఊరంతా కలిసి ధర్నా చేసి, ఒకే వినతిపత్రం మీద మూడు వందల సంతకాలు పెట్టి కలెక్టరుకిచ్చి, అభ్యంతరం చెప్పేశామనుకునేవాళ్ళు. కోర్టులో అది అభ్యంతరం కింద లెక్కకి రాకపోయే ప్రమాదం ఉంది. ఒక్కో రైతు తన సర్వే నెంబరు, విస్తీర్ణం, ఎందుకు వద్దో రాసి, విడిగా ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోవాలి. ధర్నా మానాలని కాదు. ధర్నా రోజునే ఆ మూడు వందల కాగితాలు కూడా నింపించాలి. 17(4) అత్యవసర నిబంధన వాడి 5ఏ విచారణనే ఎత్తేస్తే, ఆ అత్యవసరం ఏమిటని ప్రశ్నించే రిట్ వెంటనే వేయాలి. స్వాధీనం అయిపోయి, పరిహారం తేల్చే అవార్డు వచ్చాక వేస్తే, ఇన్నాళ్ళు ఏం చేశారని అడుగుతారు. ప్రభుత్వం పంచిన అసైన్డు భూముల రైతులకి పరిహారం దక్కదన్న అబద్ధం ఊళ్ళలో బాగా తిరిగేది. పట్టాదారులతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లోనే మన హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో చెప్పింది. ఆ ఒక్క తీర్పు నకలు ఊళ్ళో పెడితే, తహసీల్దారు మాట తీరు మారేది.

కోర్టు మీద బాలగోపాల్‌కి భ్రమలు లేవు, ద్వేషమూ లేదు. చిలకలూరిపేట బస్సు దహనం కేసు మన కళ్ళముందుది. 1993 మార్చిలో 23 మంది కాలిపోయిన ఘోరం. ఇద్దరు దళిత యువకులు చలపతిరావు, విజయవర్ధనరావులకి ఉరిశిక్ష పడింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. చట్టం దారులన్నీ మూసుకున్నాక కూడా హక్కుల సంఘాలు, రచయితలు, దళిత సంఘాలు కదిలి ఉత్తరాలు, సంతకాలు, సభలతో ఆ ఇద్దరి ప్రాణాల కోసం అడిగారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్షని యావజ్జీవంగా మార్చారు. కోర్టులు కాపాడలేని చోట జనం అడిగిన మాట పనిచేసింది. ఆ ఏడాదే బాలగోపాల్ నల్లకోటు వైపు నడిచారు. జనాన్ని వదిలి కోర్టుకి వెళ్ళారని అప్పట్లో కొందరన్నారు. ఆయన ఆఖరి దాకా శనాదివారాలు ఊళ్ళ మీదే ఉన్నారని తెలిసినవాళ్ళు ఆ మాట అనరు.

2009 ఫిబ్రవరి 6న హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం, జస్టిస్ గోడా రఘురాం అందులో ఉన్నారు, ఎన్‌కౌంటర్ల మీద తీర్పు చెప్పింది. పోలీసులు చంపిన ప్రతి సందర్భంలోనూ ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు కావాలని, మెజిస్టీరియల్ విచారణ దానికి బదులు కాదని. గిరాయిపల్లి నుంచి ముప్పై ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్నకి కోర్టు భాషలో వచ్చిన జవాబు అది. మార్చిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అక్టోబర్ 8 రాత్రి హైదరాబాద్‌లో బాలగోపాల్ గుండెపోటుతో పోయారు, యాభై ఏడేళ్ళకే. కన్నబిరన్ గారు మరుసటి ఏడాది డిసెంబరులో, తారకం గారు 2016 సెప్టెంబరులో వెళ్ళిపోయారు.

2014 సెప్టెంబరులో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్ఐఆర్ పెట్టి కోర్టుకి పంపాలి. దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ బృందం గానీ చేయాలి. పోస్ట్‌మార్టం ఇద్దరు డాక్టర్లు చేయాలి, వీడియో తీయాలి. వాడిన ఆయుధాలు అప్పగించాలి. ఘటన జరిగిన వెంటనే పతకాలు, ప్రమోషన్లు ఇవ్వకూడదు. ఇవి పాటించలేదనిపిస్తే కుటుంబం సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేసుకోవచ్చు. 2024 జూలై నుంచి కొత్త నేర చట్టాలతో సెక్షన్ల నెంబర్లు మారాయి. ఎఫ్ఐఆర్‌కి పాత 154 ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 173, శవపంచనామా 174 ఇప్పుడు 194, మేజిస్ట్రేటు విచారణ 176 ఇప్పుడు 196. హత్య 302 కాదు, న్యాయ సంహితలో 103. పాత నెంబర్లతో రాసిన ఫిర్యాదుని స్టేషన్‌లో తిప్పి పంపితే, ఫిర్యాదుకి సెక్షన్ రాయాల్సిన పనే లేదని, జరిగింది రాస్తే చాలని చెప్పి అక్కడే కూర్చోండి. తీసుకోకపోతే అదే కాగితాన్ని ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు మీద వేళ కనబడేట్టు ఫోటో తీసి ముగ్గురి దగ్గర ఉంచండి.